అనంతపురమున తెనుగైన ఖురాను

మేఘములు పడమటి కనుమలలోనే తమ భారమును దింపుకొని రిక్తములై వచ్చెడి అనంతపురపు మెట్టనేలకు కఱవుసీమ యన్న అపఖ్యాతియే లోకమున మిగిలినది; కాని తెలుగువారికి ఖురాను గ్రంథమును తొలిసారి తమ భాషలో అందించిన పండితుడు తన అధ్యాపకజీవితమును గడపినది ఆ నేలమీదనే యని ఎఱిగినవారు కొలదిమంది.

1800లో నిజాము ఆంగ్లేయులకు ధారవోసిన జిల్లాల పేరిట 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసెను. అందు తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావుగారు ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారు. 1928లో నంద్యాల సభయందు ఈ జిల్లాలకు 'రాయలసీమ' యను నామమును ప్రతిపాదించినది వీరేయని ప్రసిద్ధి. పొరుగుసీమవాని నోట వెలువడిన పేరే నేడు ఈ సీమవారి అభిమానమునకు ఆలంబనమైనది! ఖురాను అనువాదమును వీరు ప్రకటించినదియు ఇంచుమించుగ ఆ కాలముననే.

అంతకుముందు ఈ ప్రాంతపు హిందువులు ఖురానును ఎఱుగరా యన్న, చెవితో ఎఱుగుదురు. గూగూడు కుళ్ళాయిస్వామి ఉత్సవమునకు మొహర్రములో తండోపతండములుగ వచ్చు రైతులు చక్కెరయో బెల్లమో తెచ్చి పీర్లయెదుట చదివింపులు చేయించుకొందురు; పీర్లసేవకుడగు ముజావరు పెదవులపై ఖురాను తొలి అధ్యాయమగు ఫాతిహా సూరా కదలుచుండగా చేతులు జోడించి నిలిచి, ఆ చక్కెరను కన్నులకద్దుకొని ఇంటికి గొనిపోవుదురు. ఇంట తెలుగే మాటాడు దూదేకుల ముస్లిముల కుటుంబములలోను పెక్కింటికి ఆ వాక్యములు భక్తితో వినదగినవే కాని అర్థము సుగమమైనవి కావు.

ఈ వినికిడిని అజ్ఞానమని చులకన చేయుట తగదు. ముస్లిముల విశ్వాసమున ఖురాను ప్రవక్త రచన గాదు. జిబ్రీలు దూత ముఖమున ముహమ్మదు ప్రవక్తకు సుమారు 23 ఏండ్లపాటు అవతరించిన దైవవాక్కు. 114 సూరాలుగల ఆ గ్రంథమును పారాయణార్థము 30 భాగములుగ విభజించిరి. సమస్తమును కంఠస్థము చేసినవారిని హాఫిజులని గౌరవింతురు. వుజూ యను శుద్ధి చేసికొనిగాని ముట్టరు. చదువునపుడు రెహలు అను గ్రంథపీఠముపై నుంచి, ముగిసినపిదప గుడ్డగవిసెనలో చుట్టి ఇంట ఎత్తైన తావున భద్రపఱతురు. నమాజునందు పఠింపవలసినది అరబ్బీ మూలమే. అనువాదమెంత సొంపుగనున్నను అది భావవివరణమేకాని ఖురాను గాదు.

అట్లయ్యు భారతదేశమున భావవివరణమునకు గొప్ప సంప్రదాయము కలదు. పదునెనిమిదవ శతాబ్దిలో ఢిల్లీ పండితుడు షా వలీయుల్లా పారసీకమునను, ఆయన కుమారులు ఉర్దూలోను అనువదించిరి. 1880లలో బ్రహ్మసమాజీయుడగు గిరీశచంద్రసేనుడు వంగభాషలోనికి తెచ్చెను. చిలుకూరివారు ఆ సేనునికి తెలుగున సాటి: తాను అనుసరింపని మతముయొక్క గ్రంథమును, ఖండనార్థము గాక, పొరుగువాడు దేనిని నమ్ముచున్నాడో తెలియుటకు తెనిగించిన పండితుడు. తరువాతి కాలమున కర్నూలువాసి అబ్దుల్ గఫూరు మొదలగు ముస్లిము పండితులే ఆ కార్యమునకు పూనుకొనిరి; విశ్వాసికి వారి కృషియే అధికప్రమాణమగుట సహజము.

చిలుకూరివారు 1951లో గతించిరి. 1937నాటి వారి 'ఆంధ్రభాషాచరిత్రము'లోని సిద్ధాంతములను భాషావేత్తలు అనంతరము చాలవఱకు త్రోసిపుచ్చిరి. అయినను పండితులు వారిని స్మరించునది ఆ గ్రంథముచేతనే. నా మట్టుకు వారి ఖురాను అనువాదమే ఎక్కువ సాహసముతో కూడిన పని.