తుప్పు దాక్కునే చోటు

పడవ మీద తెరచాప కొయ్య నిటారుగా నిలవాలంటే చుట్టూ బిగించి కట్టిన ఊతం ఉండాలి. పంతొమ్మిదో శతాబ్దం తొలి దశకాల దాకా ఆ బరువంతా తారు పట్టించిన జనుపతాళ్లే మోశాయి. 1834లో జర్మనీలోని హార్జ్ కొండల గనుల్లో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలను పేని మోకు చేశాడు. కొద్ది ఏళ్లలోనే అలాంటి మోకు ఓడలకెక్కింది. 1837లో ఫ్రాన్సులో సొరెల్ పేటెంటు పొందిన జింకు పూత దాని ఆయువు పెంచింది. పూత అరిగితే ఎర్రటి మరక కనబడేది, యజమాని తీగ మార్చేవాడు.

ఒక లోహాన్ని ఇంకో లోహం తినేస్తుందన్న సంగతి అంతకు చాలా ముందే బయటపడింది. 1761లో బ్రిటిష్ నౌకాదళం కొయ్యను తొలిచే పురుగుల బెడద తప్పించడానికి ‘అలార్మ్’ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకు తొడిగింది. ఆ ఓడ వెస్టిండీస్ వెళ్లి వచ్చాక 1763లో చూస్తే, రాగి తగిలిన ఇనుప మేకులు కొరుక్కుపోయి ఉన్నాయి. రాగికీ మేకుకూ మధ్యలో గోధుమరంగు కాగితం మిగిలిన చోట మాత్రం మేకు చెక్కుచెదరలేదు! ఉప్పునీటిలో తగులుకున్న రెండు లోహాల మధ్య విద్యుత్తు పారుతుందని గ్రహించిన హంఫ్రీ డేవీ, రాగికి రక్షణగా జింకునో ఇనుమునో బలిపెట్టవచ్చని 1824లో చూపించాడు.

1913లో షెఫీల్డ్‌లో హారీ బ్రేర్లీ క్రోమియం కలిపి చేసిన ఉక్కుతో తుప్పు బెడద తీరినట్టే అనిపించింది. నిజానికి ఆ బెడద కనబడకుండా దాక్కుంది, అంతే. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడే పలుచని పొర నిలవాలంటే ఆక్సిజన్ తగలాలి. 1960, 70ల నాటి ఫైబర్‌గ్లాస్ పడవల్లో తీగల లాగుడును పడవ ఒంటికి అందించే స్టెయిన్‌లెస్ చైన్‌ప్లేట్లు చాలావాటిలో డెక్కును చీల్చుకుని లోపలికి దిగుతాయి. ఆ సందులో ఉప్పునీరు నిలుస్తుంది, గాలి ఆడదు. పైన ప్లేటు మెరుస్తూనే ఉంటుంది, లోపల పగులు పాకుతుంది. మాలిబ్డినం కలిపిన 316 రకం స్టీలు ఇంకొంత ఓర్చుకుంటుంది, అంతే.

అందుకే పాత పడవ కొన్నవారు పాలిష్ చూసి తృప్తిపడకూడదు. ప్లేట్లను ఊడదీసి చూడాల్సిందే. తీగలకు 10–15 ఏళ్లు దాటితే మార్చేయడమే మేలని ఈ తీగలు బిగించే రిగ్గర్లు చాలామంది చెబుతారు. కొయ్య కూలకుండా ముందు తెరచాప ఎత్తే తాడుతో ఊతమిచ్చి, ఒక్కో తీగను విప్పి మారుస్తారు. అల్యూమినియం కొయ్యలో స్టీలు స్క్రూ బిగించేటప్పుడు మధ్యలో రాసే ప్రత్యేక పేస్టు, ‘అలార్మ్’లో ఆ కాగితం చేసిన పనే చేస్తుంది. పని కష్టమైనా, ఇప్పుడు కొందరు కొత్త ప్లేట్లను పడవ పక్కగోడకు బయటే బోల్టులతో బిగిస్తున్నారు. అక్కడ ప్లేటుకు గాలి తగులుతుంది, నీళ్లు జారిపోతాయి, పగులు వస్తే కంటపడుతుంది.