దార్‌ఫూరు సీమలో వానలు, తగవులు

వాన తప్పిన దేశమున శాంతి యెట్లు తప్పునో తెలియుటకు దార్‌ఫూరు చరిత్రకంటె తగిన ఉదాహరణము నాకు కానరాదు. ఆఫ్రికాలో సూడాను దేశపు పడమటి సీమ యది. 1916 వఱకు సుల్తానుల యేలుబడిలో నుండెను; ఆ యేట ఆంగ్లేయులు జయించి సూడానులో కలిపివేసిరి. నడుమ మర్రా కొండలు. వాని చుట్టు సజ్జలు, జొన్నలు పండించు ఫూరు రైతులు. ఉత్తరపు ఇసుకనేలలలో ఒంటెలు మేపు అరబ్బు తెగలు.

కోతలు ముగిసిన పిదప మందలు దక్షిణమునకు దిగెడివి. పశువులకు మేత, చేనికి ఎరువు. పొలములో మంద కట్టించుకొను మన రైతులకు ఈ యేర్పాటు క్రొత్తది కాదు. మందలు నడచుటకు వాడుక దారులుండెడివి. చేను తొక్కినను, మనుష్యుడు చచ్చినను, పెద్దలు కూర్చుండి తప్పు నిర్ణయించి పరిహార మిప్పించెడివారు. అట్టి మధ్యస్థులను అచట అజావీదు లందురు.

ఎల్ ఫాషెరు పట్టణమున 1946 మొదలు 1975 వఱకు ఏటి సగటు వర్షము 272 మిల్లీమీటర్లు. తరువాతి ముప్పదియేండ్లలో 179 మాత్రమే. సముద్రజలములు వేడెక్కుట ఇందులకు ప్రధానకారణమని శాస్త్రజ్ఞులు పలువురు తలంతురు. 1984–85 కఱవున రమారమి లక్షమంది మరణించిరని అంచనా. ఎడారి యంచున గడ్డి నశింపగా ఒంటెలవారు వేళకు ముందే దిగిరి. రైతులు తమ పశువులకై గడ్డి దాచుకొనదలచి కంచెలు వేసిరి.

దార్‌ఫూరు యుద్ధమునకు మూలము ఈ అనావృష్టిలో నున్నదని ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి బాన్ కీ మూన్ 2007లో వ్రాసెను. ఆ మాట సగమే నిజమని నా యభిప్రాయము. వాన తగ్గినది 1970 ప్రాంతమున. ఆ యుద్ధము పుట్టినది 2003లో. నడుమ జరిగినదేమి?

1971లో నిమేరీ ప్రభుత్వము తెగపెద్దల యధికారమును రద్దుచేసెను. పెద్దల తీర్పు లెల్లప్పుడు ధర్మములే యని నేననను. కాని వానికి ఇరుపక్షములును కట్టుబడెడివి. తరువాత పెద్దలను మఱల నిలిపినను పూర్వపు చెల్లుబడి రాలేదు. ఇంతలో పొరుగున చాడు దేశపు యుద్ధమువలన తుపాకులు విరివిగా దిగినవి. చేను తొక్కిన తగవు ఇక పరిహారముతో తీరునా? 1987లో ఫూరులకును అరబ్బులకును పోరు రేగెను. 1989లో ఎల్ ఫాషెరున సంధి వ్రాసికొనిరి గాని అది నిలువలేదు.

2003లో తిరుగుబాటు లేవగా, దాని నణచుటకు ప్రభుత్వమే జంజవీదులను రౌతుమూకలకు ఆయుధము లిచ్చెను. ఇరువదిలక్షలకు పైబడిన జనులు ఇండ్లు విడిచిరి. ఆ మూకలనుండి పెరిగిన సేనయే 2023 ఏప్రిలులో దేశసైన్యముతో పోరునకు దిగి, 2025 అక్టోబరులో ఎల్ ఫాషెరును పట్టుకొనెను.