హెబ్రీయుల నీతివాఙ్మయము

నీతిశాస్త్రమన్నంతనే మన యిండ్లలో సుమతి శతకమును, వేమన పద్యములును, భర్తృహరి సుభాషితములును స్మరణకు వచ్చును. యూదులకును ఇట్టి వాఙ్మయ మొకటి కలదనియు, అది బైబిలు పూర్వభాగమున సామెతలు, యోబు, ప్రసంగి అను మూడు గ్రంథములుగా నిలిచియున్నదనియు ఎరిగినవారు కొలదిమంది. ఎరిగినవారిలో పలువురు దానిని పాదరీల పుస్తకమని ప్రక్కకు నెట్టుదురు. భక్తితో చదువువారో, దైవవాక్యమగుటచే దాని చరిత్రను విచారింప జంకుదురు. ఈ రెండు మార్గములును గ్రంథమున కన్యాయము చేయునవే.

బైబిలును తెనిగించు ప్రయత్నము చాల పాతది. 1719లో తరంగంబాడి చేరిన జర్మను దేశీయుడు బెంజమిన్ షుల్జ్, పిదప మద్రాసునకు వచ్చి, 1732 నాటికి పూర్వభాగమును గూడ తెలుగు చేసెను. అది అచ్చున కెక్కలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెగ్రాంజి దొరలకు ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడెను. 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన బ్రౌను దొరయే బైబిలు తెలుగు విషయమునను శ్రమించెను. ఒకే పండితుడు వేమనను బైబిలును గూడ చేపట్టుట నాకు ముచ్చట గొలుపును.

అనువాదకులు సామెతలని పేరిడుట చక్కగా కుదిరినది. హెబ్రీ మూలమున ఆ గ్రంథము పేరు మిష్లే. అది మాషాల్ అను పదమునుండి యేర్పడినది. ఆ పదమునకు పోలియుండుట అను అర్థముగల ధాతువుతో సంబంధము చెప్పుదురు. మన సామెతయు సామ్యతనుండి పుట్టినదే యని పండితుల మాట.

సంప్రదాయము సామెతలను సొలొమోను రాజునకు చెందినవనును. కాని గ్రంథమే తన కథను దాచుకొనలేదు. ఇరువదియైదవ యధ్యాయపు మొదట, హిజ్కియా రాజు కొలువువారు వీనిని ఎత్తివ్రాసిరని యున్నది. హిజ్కియా సొలొమోనునకు రెండు శతాబ్దములకు పైబడిన తరువాతివాడు. అంతకంటె వింత యొకటి కలదు. 1888లో బ్రిటిష్ మ్యూజియమునకు చేరిన ఈజిప్టు పత్రమొకటి 1923లో ప్రకటితమయ్యెను. అమెనెమోపె అను ఉద్యోగి తన కుమారునకు చెప్పిన ముప్పది యధ్యాయముల నీతి యది. సామెతలలో ఇరువది రెండవ యధ్యాయమునుండి వచ్చు భాగము దీనికి మిక్కిలి దగ్గరగా నున్నదని ఎర్మాన్ అను జర్మను పండితుడు మరుసటి యేడు చూపెను. బీదవానిని దోచవలదనుట, పొలపుగట్టు జరుపవలదనుట, కోపిష్ఠితో చెలిమి వలదనుట రెండింటను కలవు. ధనము రెక్కలు తొడిగి యెగిరిపోవునని ఇరువురును అనిరి. ఈజిప్టువాడు బాతులతో పోల్చగా హెబ్రీయుడు గ్రద్దతో పోల్చెను. హెబ్రీ పాఠమున అర్థముగాక యుండిన యొక పదము, ముప్పది యను సంఖ్యయని తీసికొన్నచో సుగమమగుచున్నది.

ఎరువు తెచ్చుకొన్నంతమాత్రమున గౌరవము తగ్గునా? మా కోనరావుపేటకు సమీపముననే వేములవాడ యున్నది. నీతివాక్యామృతమును రచించిన సోమదేవసూరి అను జైన పండితుని ఆ చాళుక్య ప్రభువులు ఆదరించిరి. 966లో అరికేసరి ఆయనకు జినాలయ నిమిత్తమై గ్రామదానము చేసెను. ఆ సూత్రములలో కౌటిల్యుని అర్థశాస్త్రము అడుగడుగునను కనబడును. అందుచేత సోమదేవుని ఎవరును దొంగ యనలేదు.

అయితే ఎరువు తెచ్చుకొన్నవన్నియు మేలివస్తువులు కావు. బాలుని బెత్తముతో కొట్టుటకు వెనుదీయరాదనియు, కొట్టినంతమాత్రమున వాడు చావడనియు సామెతలు చెప్పుచున్నవి. ఈ మాటయు పొరుగుదేశములందు నలిగినదే. ఈజిప్టులోని ఎలిఫంటీను ద్వీపమున 1906-07 ప్రాంతమున దొరకిన అహీకారు నీతులు అరమేయిక్ భాషలోనివి. ఆ ప్రతి క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దినాటిది. అందును దాదాపు ఇదే వాక్యము కలదు. మన సంస్కృత నీతికారులు మాత్రము తీసిపోయిరా? అయిదేండ్లు లాలించి పదియేండ్లు దండింపుమనిరి. మన వీధిబడులలో కోదండము వేయు పంతుళ్లకు ఆ శ్లోకము నాలుకచివర నుండెడిది. సామెతల వాక్యము ఇంగ్లీషు బడులలో అదే పని చేసెను. ఉపాధ్యాయుడనగు నేను ఈ విషయమున ముగ్గురు ఋషులను గూడ నిరాకరింతును. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను దండించుటను నిషేధించినది. నేటికిని బెత్తము దాచుకొన్న బడులు కలవు. ప్రాచీనమని, పలుజాతులు అంగీకరించినదని, ఒక మాట ధర్మమైపోదు.

స్త్రీలను గూర్చి యీ వాఙ్మయము రెండు నాలుకలతో మాటలాడును. సామెతల చివరి యధ్యాయము లెమూయేలను రాజునకు తల్లి చేసిన బోధ. మద్యమునకు లొంగవలదనియు, నోరులేనివారి పక్షమున నోరు తెరువుమనియు ఆమె కొడుకును హెచ్చరించినది. తరువాత వచ్చు గృహిణీప్రశంస ఇరువదిరెండు హెబ్రీ అక్షరములతో వరుసగా మొదలగు ఇరువదిరెండు చరణములు. అందలి గృహిణి పొలము కొనును, నేసిన బట్టలు అమ్మును. దీనికి భిన్నముగా, క్రీస్తునకు పూర్వము 180 ప్రాంతమున బెన్ సీరా వ్రాసిన గ్రంథమున కూతురు తండ్రికి నిద్రలేకుండ చేయు భారముగా కనబడును. ఆ గ్రంథపు హెబ్రీ మూలము చిరకాలము లుప్తమైయుండ, 1896లో దాని యాకొకటి తూర్పుదేశములనుండి కేంబ్రిడ్జికి తెచ్చినవారు ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అను కవల సోదరీమణులు. షెక్టర్ పండితుడు దానిని గుర్తించెను. స్త్రీలకు పూర్తి పట్టము లిచ్చుటకు కేంబ్రిడ్జి 1948 వరకు ఒప్పుకొనలేదు.

ప్రసంగిని గూర్చి ఒక్కమాట చాలును. తెలుగు బైబిలు వ్యర్థమనిన చోట మూలమున హెవెల్ అని యున్నది. ఊపిరి, ఆవిరి యని దాని యర్థము. పట్టుకొనిన చేత చిక్కనిది వ్యర్థమే యని చెప్పరాదు. అందలి పారసీక పదములనుబట్టి అది సొలొమోను కాలపుది కాదని తెలియుచున్నది.

యోబు గ్రంథము వేరు జాతిది. ధర్మాత్ముడైన యోబు బిడ్డలను, సంపదను, ఆరోగ్యమును కోల్పోయి బూడిదలో కూర్చుండెను. ముగ్గురు మిత్రులు వచ్చి ఏడుదినములు మౌనముగా నుండిరి; అంతవరకే వారు మిత్రులు. నోరు విప్పిన పిదప వారు చెప్పినదంతయు సామెతలలోని ధర్మమే: నీతిమంతుడు బాగుపడును, పాపి చెడును, కావున నీవేదో పాపము చేసియుందువు. మన యిండ్లలో భర్తను పోగొట్టుకొన్న బాలికకు పూర్వజన్మకర్మమని చెప్పిన పెద్దలు ఈ మిత్రులకు చుట్టములే. యోబు ఒప్పుకొనలేదు, దేవునితోనే వ్యాజ్యెమునకు దిగెను. సుడిగాలిలోనుండి దేవుడు పలికినప్పుడు యోబు బాధకు కారణము చెప్పలేదు. కాని కథాంతమున, తన్ను గూర్చి యోబు పలికినట్లు మీరు యుక్తముగా పలుకలేదని ఆయన కోపించినది ఆ నీతివేత్తలపైననే. వారి నిమిత్తము ప్రార్థింపవలసినవాడు యోబే యయ్యెను.