తీరమార్గము – ఏకాకి యాత్రికుడు

గోదావరి మొదలుకొని పూరీవరకు సముద్రతీరపు సీమల వెంబడి సాగు త్రోవ మన దేశపు ప్రాచీన యాత్రామార్గములలో నొకటి. సింహాచలము, శ్రీకూర్మము ఈ త్రోవలోనివే. నేడు రైలులో ఒక రాత్రి నిద్రలో గడచిపోవు ఈ దూరమును పూర్వులు వారముల తరబడి నడిచెడివారు. అట్లు ఒంటరిగా, మెల్లగా నడచిన యాత్రికుని తలచుకొన్నపుడు, అతడు లోకమును విడిచి దైవమునే తోడుగా గొని పోయెనని మన మనుకొందుము. ఈ మార్గపు చరిత్రను కొంచెము పరికించినచో సంగతి వేఱుగ నున్నదని మాకు తోచుచున్నది.

దేశపటమును ముందుంచుకొని చూడుడు. భీమునిపట్నముకడ గోస్తని, కోనాడకడ చంపావతి, శ్రీకాకుళమును దాటి నాగావళి, కళింగపట్నముకడ వంశధార, బారువకడ మహేంద్రతనయ, గంజాముచెంత ఋషికుల్య సముద్రమున గలియుచున్నవి. ఆపైన చిలుక సరస్సు. వేసవిలో ఈ యేరులలో గొన్నిటిని కాలినడకనే దాటవచ్చును. కాని పూరీ రథోత్సవము ఆషాఢమున వచ్చును. పోవునప్పుడు ఇసుకగా నున్న యేరు తిరిగి వచ్చునప్పటికి వెల్లువగా నుండును. వంతెనలు లేని ఆ దినములలో పడవవాడు లేక యాత్రికుడు ఆవలి గట్టు చేరజాలడు. సముద్రము చేరువనున్న నేలలో ఉప్పునీరు తగులుట సాధారణము. మంచినీటి బావి ఎక్కడనున్నదో ఊరివారు చెప్పవలసినదే. కావున ఒంటరి బాటసారి అడుగడుగునకు పరులకు ఋణపడియే నడిచెను.

1510వ సంవత్సరమున శ్రీచైతన్యులు పూరీనుండి దక్షిణయాత్రకు వెడలిరి. ఒంటరిగా పోవలెనని వారి కోరిక. సహచరుల నిర్బంధముచేత కృష్ణదాసను నొక్క పరిచారకుని వెంట నుంచుకొనిరి. ఆ యాత్రలో శ్రీకూర్మమున వాసుదేవుడను కుష్ఠరోగిని వారు కౌగిలించుకొనిరనియు, గోదావరీతీరమున గజపతుల ప్రతినిధియగు రామానందరాయలు తాను శూద్రుడనని వెనుదీసినను ఆలింగనము చేసికొనిరనియు చైతన్యచరితామృతము చెప్పుచున్నది. వ్యాధి నయమయ్యెనను మహిమను నమ్మువారు నమ్ముదురు, లేనివారు లేదు. లోక మంటుటకు జంకిన మనుష్యుని యాత్రికు డంటెననుటయే మాకు ముఖ్యము.

ఇందుకు భిన్నమైన యాత్ర మన యేనుగుల వీరాస్వామయ్యగారిది. 1830 మే 18న చెన్నపట్నము విడిచిన వీరు కాశీని సేవించి, కలకత్తా, జగన్నాథముల మీదుగా తీరసీమల త్రోవను మరలి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. వారికి పరివారము కలదు, పల్లకి కలదు. అయినను వారి కాశీయాత్రచరిత్రలో ఏ మజిలీలో నీరు మంచిది, ఎచట అంగళ్లున్నవి, ఎచట సత్రమున్నదియను వివరములు పుటపుటను గానవచ్చును. పల్లకిలో పోవు ధనికునకే ఇవి యంత ముఖ్యములైనపుడు, మూట భుజముపై వేసికొని నడచు పేదకు ఇవియే ప్రాణములు గదా.

ఈ త్రోవను మేము కేవలము పొగడుటకు బూనలేదు. పూరీదారిలో విశూచి ప్రతియేటను యాత్రికులను బలిగొనెడిది. 1806 మొదలు 1840 వరకు కుంపినీవారు యాత్రికులనుండి పన్ను వసూలు చేసిరి. 1897లో పూరీకి రైలు వచ్చుట, 1900లో రాజమహేంద్రవరముకడ గోదావరిపై రైలువంతెన తెఱచుట ప్రజలకు మేలే. కాని యెంత త్వరగా పోయినను మాయని దోష మొకటి నిలిచియుండెను. పెక్కు సత్రములలో అన్నము కొన్ని కులములకే పెట్టిరి. మహాప్రసాదమున కులభేదము లేదని ప్రసిద్ధిగాంచిన పూరీలోనే, అస్పృశ్యులని పేరుపెట్టబడినవారు గుడి వెలుపలనే నిలిచిరి. త్రోవ అందఱిది, తలుపు కొందఱిది.

ఈ మాట యెత్తి, ఈ తీరమునందే నడచినవారు గాంధీమహాత్ములు. 1934 మే నెలలో హరిజనయాత్రకై వారు రైలును, మోటారును విడిచి పూరీనుండి కాలినడకను బయలుదేరిరి. ధర్మకార్యమునకు వేగము పనికిరాదని వారి తలంపు. హరిజనులకు ప్రవేశములేని గుడిలో వారు అడుగిడలేదు. 1938లో పూరీకి చేరువనున్న డెలాంగు సభలకు వచ్చినపుడు కస్తూరిబాయిగారు ఆ గుడిలోనికి పోయి దర్శనము చేసికొనగా, గాంధీగారు మిక్కిలి నొచ్చుకొనిరి. భార్య భక్తిని వారు తప్పుపట్టలేదు. సంగతి ఆమెకు ముందుగా బోధపఱుపని తప్పు తమదేయని తలచిరి. సంస్కరణము సభలలో గెలిచి ఇంటిలో వెనుకబడుట యెంత సులభమో దీనివలన తెలియగలదు.

1947లో మద్రాసు ఆలయప్రవేశ చట్టము వచ్చెను. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించెను. చట్టము తలుపు తెఱచినది. మనస్సు తెఱచు పని ఇండ్లలో మిగిలియున్నది. మా పాఠకులలో ఎవరైన ఈ త్రోవను నడువదలచినచో, భీమునిపట్నమునుండి శ్రీకూర్మమువరకైన మెల్లగా నడువవలెనని మా మనవి. దప్పిగొన్నపుడు దారిలో ముందు కనబడిన వాడలో, అది యెవరి వాడయని అడుగక, నీళ్లడిగి త్రాగవలెను. ఇంటికి వచ్చిన పిదప ఆ సంగతిని పిల్లలకు, పెద్దలకు దాచక చెప్పవలెను.