గుండె ఆగినప్పుడు అల్ట్రాసౌండ్

గుండె ఆగిన రోగికి సి.పి.ఆర్. (ఛాతీని పదేపదే నొక్కడం) చేస్తూనే, మంచం పక్కకు తెచ్చిన చిన్న అల్ట్రాసౌండ్ యంత్రంతో గుండెను చూసే పద్ధతి ఇది. గుండె చుట్టూ ఉన్న పొరలో రక్తం చేరి నొక్కేస్తోందా, ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి కుడి గది ఉబ్బిందా, నాడి చేతికి అందకపోయినా కండరం కదులుతోందా అన్నవి ఇందులో కనిపిస్తాయి.

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో వైద్యుడు ఇంగె ఎడ్లర్, భౌతిక శాస్త్రవేత్త హెల్ముత్ హెర్ట్జ్ ధ్వని తరంగాలతో గుండె కదలికను నమోదు చేశారు. ఛాతీ కోయకుండా పైనుంచి నొక్కే పద్ధతిని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ 1960లో ప్రకటించారు. యంత్రాలు చిన్నవయ్యాక గానీ ఈ రెండూ ఒకే మంచం దగ్గర కలవలేదు. 2001లో వైద్యులు బ్లైవాస్, ఫాక్స్ గుండె ఆగిన 169 మందిని ఇలా పరిశీలించారు. తెరపై గుండె నిశ్చలంగా ఉన్న 136 మందిలో ఒక్కరూ అత్యవసర విభాగం నుంచి ప్రాణాలతో బయటపడలేదు. అమెరికా, కెనడాల్లో 793 మందిపై జరిగి 2016లో వెలువడిన 'రీజన్' అధ్యయనంలో ప్రాణాలతో ఇల్లు చేరినవారు కదలిక ఉన్నవారిలో 3.8 శాతం, లేనివారిలో 0.6 శాతం. అయితే ఈ లెక్కలను కాస్త అనుమానంతోనే చదవాలి: కదలిక లేదని చూసిన వైద్యులు ప్రయత్నం ముందే మానేసి ఉండవచ్చు.

అసలు చిక్కు 2017లో బయటపడింది. నాడి చూసేందుకు ఛాతీ నొక్కడం ఆపే వ్యవధి 10 సెకన్లు దాటకూడదన్నది నియమం. ఎందుకంటే చేతులు ఆపగానే గుండె కండరానికి రక్తం అందించే ఒత్తిడి పడిపోతుంది. మళ్లీ పుంజుకోవాలంటే చాలాసార్లు నొక్కాలి. ఆ ఏడాది వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో అల్ట్రాసౌండ్ లేనప్పుడు విరామం సగటున 13 సెకన్లు, ఉన్నప్పుడు 21 సెకన్లు. మరుసటి ఏడాది మరొకచోట 11, 17గా తేలింది. తప్పు యంత్రానిది కాదు. తెర వైపే చూస్తూ, అక్కడే నిలబడి, కనిపించింది ఏమిటో తేల్చుకోబోవడం వల్ల వచ్చిన ఆలస్యమిది.

విరుగుడు సులువైనదే. నొక్కుతుండగానే ప్రోబ్‌ను (యంత్రంలో ఒంటికి ఆనించే భాగాన్ని) రొమ్ము ఎముక కింద సిద్ధంగా ఉంచాలి, విరామంలో దృశ్యాన్ని రికార్డు చేయాలి, ఒకరు సెకన్లు పైకి లెక్కపెట్టాలి, చేతులు మళ్లీ కదిలాకే ఆ దృశ్యాన్ని పరిశీలించాలి. 2018 నాటి 'కాసా' విధానం ఈ దారిలోనిదే. దాన్ని నేర్పిన చోట విరామం సుమారు 4 సెకన్లు తగ్గింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2020లో మరింత జాగ్రత్త పడింది: ప్రయత్నం ఎప్పుడు ఆపాలో దీని ఆధారంగా తేల్చవద్దంది, సి.పి.ఆర్.కు అడ్డు రాకుంటే, చికిత్స చేయదగ్గ కారణం వెతికేందుకు వాడవచ్చంది.

అన్నవాహిక ద్వారా పంపే ప్రోబ్‌తో ఈ ఆలస్యం చాలావరకు తప్పుతుంది. అది ఛాతీ మీద చోటు తీసుకోదు కాబట్టి నొక్కుతుండగానే చిత్రం వస్తుంది. 2019 నాటి పోలికలో దీనితో విరామం 9 సెకన్లు, ఛాతీ మీది ప్రోబ్‌తో 19. చేతులు ఎక్కడ నొక్కుతున్నాయో కూడా ఇది చూపింది: 2009లో కొరియా వైద్యులు 34 మందిలో చూస్తే, ఎక్కువ ఒత్తిడి ఎడమ గది మీద కాక, రక్తం బయటికి వెళ్లే దారి మీద, బృహద్ధమని మొదట్లో పడుతోంది. అయితే దీనికి రోగికి ముందే శ్వాసనాళంలో గొట్టం వేసి ఉండాలి, శిక్షణ పొందిన వైద్యుడు పక్కనే ఉండాలి.