క్రైస్తవ కుటుంబాలలో పిల్లలకు మతబోధ

క్రైస్తవ తల్లిదండ్రులు తమ సంతానానికి బైబిలు కథలు, ప్రార్థన, పాటలు, నడవడి నేర్పి, వారిని సంఘ జీవితంలోనికి తీసుకొనివచ్చే విధానం ఈ వ్యాసంలోని విషయం. ఈ బోధ ఇంటిలో ప్రారంభమై ఆదివారపు బడి (సండే స్కూలు), జ్ఞానోపదేశ తరగతులు, వేసవి బైబిలు తరగతుల ద్వారా కొనసాగుతుంది. నేర్పవలసిన బాధ్యత మొదట తల్లిదండ్రులదేనని ప్రధాన క్రైస్తవ శాఖలు భావిస్తాయి. అయితే విశ్వాసాన్ని ఒప్పుకొనడం మాత్రం ఎదిగిన బిడ్డ తనంతట తాను చేయవలసిన పని. ఈ రెండింటినీ ఎలా కలపాలన్న విషయంలో శాఖల మధ్య భేదాలున్నాయి.

బైబిలులో ఆధారాలు

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ప్రకారం దేవుని ఆజ్ఞలను పిల్లలకు ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు నేర్పాలి. అనగా బోధ ప్రత్యేక సమయానికి పరిమితం కాక దినచర్యలో భాగం కావాలి. క్రొత్త నిబంధనలో, చిన్నపిల్లలను తన యొద్దకు రానీయక శిష్యులు అడ్డగించగా యేసు కోపించి, వారిని ఎత్తుకొని ఆశీర్వదించినట్లు మార్కు సువార్త 10వ అధ్యాయంలో ఉన్నది. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక, అతని విశ్వాసం మొదట అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉన్నదని గుర్తుచేస్తుంది. పిల్లలకు కోపం పుట్టించక శిక్షలోను బోధలోను పెంచవలెనని ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక (6:4) తండ్రులను హెచ్చరిస్తుంది.

చరిత్ర

తొలి శతాబ్దాలలోనే ఈ విషయమై చర్చ ఉండేది. క్రీ.శ. 200 ప్రాంతంలో తెర్తుల్లియన్ అనే పండితుడు పిల్లలు పెరిగి తెలుసుకొనే వరకు బాప్తిస్మం ఆపడం మేలని వ్రాశాడు. అగస్టీను (354–430) తల్లి మోనికా భక్తురాలు. ఆమె పెంపకంలో పెరిగినా అగస్టీను చాలాకాలం వేరే మార్గాలలో తిరిగి, 387లో తన 32వ ఏట మిలాను నగరంలో బాప్తిస్మం పొందాడు.

జర్మనీలో మార్టిన్ లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరిని ప్రచురించాడు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలైనవాటిని ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పడానికి అనువుగా ఈ పుస్తకం కూర్చబడింది. ఇంగ్లండులో సుసన్నా వెస్లీ (1669–1742) 19 మంది పిల్లలను కని, బ్రతికిన పదిమందికీ ఇంటిలోనే చదువు చెప్పినది. వారంలో ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క బిడ్డతో ఏకాంతంగా మాట్లాడటం ఆమె అలవాటు. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషులైన జాన్, చార్లెస్ ఆమె కుమారులే.

1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్ నగరంలో పత్రికాధిపతి రాబర్ట్ రైక్స్ (1736–1811) ఆదివారపు బడిని ప్రారంభించాడు. వారమంతా కూలిపనికి వెళ్ళే పేద పిల్లలకు ఆదివారం ఒక్కటే తీరిక. కనుక అక్కడ మొదట నేర్పినది చదవడం. చదువుకొనే పుస్తకం బైబిలు. ప్రభుత్వ పాఠశాలలు వచ్చిన తరువాత ఈ బడులు మతబోధకే పరిమితమయ్యాయి. భారతదేశపు సండే స్కూలు సమాఖ్య 1876లో ఏర్పడింది.

బాప్తిస్మం: రెండు సంప్రదాయాలు

రోమన్ కాథలిక్కులు, లూథరన్లు, దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) వారు శిశువులకు బాప్తిస్మం (కాథలిక్కుల వాడుకలో జ్ఞానస్నానం) ఇస్తారు. తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు బిడ్డ తరఫున ప్రమాణం చేస్తారు. బిడ్డ పెద్దయ్యాక బోధ పొంది, ఆ ప్రమాణాన్ని స్వయంగా ఒప్పుకొనే సంస్కారం కన్ఫర్మేషన్. కాథలిక్కులు దీనిని భద్రమైన అభ్యంగనం అంటారు. కాథలిక్కు పిల్లలు సుమారు ఏడేళ్ళ వయసులో మొదటి దివ్యసత్ప్రసాదం స్వీకరించవచ్చునని 1910లో పదవ పయస్ పోపు నిర్ణయించాడు.

బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలవారు శిశువును సంఘం ఎదుట ప్రతిష్ఠించి ప్రార్థన మాత్రమే చేస్తారు. వ్యక్తి తానే విశ్వసించి కోరినప్పుడు నీటిలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. ఈ విధానంలో బిడ్డకు ఎంపిక స్పష్టంగా ఉంటుంది. అయితే తోటివారందరూ తీసుకొంటున్నారని తొందరపడే ప్రమాదం కూడా ఉన్నది. మొదటి విధానంలో సంస్కారం ఒక ఆచారంగా ముగిసిపోయే ప్రమాదం ఉన్నది.

తెలుగువారిలో

మద్రాసులో తెలుగు నేర్చిన లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ ఐరోపాకు తిరిగి వెళ్ళి, 1746లో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు ప్రశ్నోత్తరిని అచ్చువేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలలో ఇది ఒకటి. అనగా తెలుగు ముద్రణ చరిత్ర ఆరంభంలోనే మతబోధ పాఠ్యపుస్తకం ఉన్నది.

పందొమ్మిదవ శతాబ్దం ద్వితీయార్థం నుండి తెలుగు పల్లెలలో క్రైస్తవులైనవారిలో అధికులు చదువుకు దూరంగా ఉంచబడిన మాల, మాదిగ కులాలవారు. తల్లిదండ్రులకే అక్షరాలు రానప్పుడు ఇంటిలో బైబిలు బోధ సాధ్యం కాలేదు. ఆ లోటును ఉపదేశులు, మిషను బడులు, పాటలు తీర్చాయి. బడిలో చదవడం నేర్చిన పిల్లలే ఇంటిలో పెద్దలకు బైబిలు చదివి వినిపించేవారు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలను అక్షరం రానివారు సైతం కంఠస్థం చేశారు. దోర్నకల్ బిషప్పు వి.ఎస్. అజరయ్య (1874–1945) గ్రామ ఉపాధ్యాయుల శిక్షణకు ప్రాధాన్యమిచ్చాడు.

నేడు సాధారణంగా కనిపించే పద్ధతులు ఇవి:

కుటుంబ ప్రార్థన: సాయంత్రం లేదా పడుకొనే ముందు అందరూ కూర్చొని ఒక కీర్తన పాడి, వాక్యం చదివి ప్రార్థిస్తారు.

సండే స్కూలు: ఆరాధనకు ముందుగాని, ఆ సమయంలోగాని వయసువారీ తరగతులు. కంఠత వాక్యం, కథ, అభినయ గీతం ఇందులో ముఖ్యం.

వి.బి.ఎస్.: వేసవి సెలవులలో కొన్ని రోజులపాటు జరిగే బైబిలు తరగతులు. వీటి మూలం 1898లో న్యూయార్కు నగరంలో ఉన్నది.

పండుగలు: క్రిస్మసు నాటిక, మట్టల ఆదివారంనాడు పిల్లలు మట్టలు పట్టుకొని సాగే ఊరేగింపు.

వివాదాంశాలు

క్రమశిక్షణ: బెత్తమును గూర్చిన సామెతల గ్రంథ వాక్యాలను కొందరు దెబ్బలకు అనుమతిగా గ్రహిస్తారు. బెత్తమనగా కాపరి గొర్రెలను నడిపించే కర్ర వంటిదని, అది మార్గదర్శనాన్ని సూచిస్తుందని మరికొందరు వ్యాఖ్యానిస్తారు. భయంతో నేర్చిన భక్తి నిలువదని వీరి వాదన. పాఠశాలలలో శారీరక దండనను 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది.

మతాంతర వివాహాలు: కాథలిక్కు భాగస్వామి పిల్లలను తన మతంలో పెంచడానికి శక్తికొలది ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. 1970 నుండి రెండవ భాగస్వామి అట్టి మాట ఇవ్వనక్కరలేదు. ఆ సంగతి వారికి తెలియజేస్తే చాలును.

చట్టం: భారత రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం గల విద్యాసంస్థలో మైనరు విద్యార్థిని సంరక్షకుల సమ్మతి లేనిదే మతబోధకు హాజరుకమ్మని నిర్బంధించరాదు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడినా పాడనందుకు బడి నుండి తొలగించబడ్డారు. వారిని తిరిగి చేర్చుకోవాలని 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణం బిడ్డకు మతస్వేచ్ఛ ఉన్నదని చెబుతూనే, ఎదిగే శక్తికి తగినట్లు దారి చూపే హక్కును తల్లిదండ్రులకు గుర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

బైబిలు
బాప్తిస్మం
సండే స్కూలు
ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు