ఊరి నాటకానికి ఆడిషన్

అమెరికాలో కమ్యూనిటీ థియేటర్ అంటే పారితోషికం ఆశించని ఊరివాళ్లు తామే నడుపుకునే నాటక సమాజం. పగలు బ్యాంకులోనో బడిలోనో కొలువు చేసేవాళ్లు సాయంత్రం ముఖానికి రంగు వేసుకుంటారు. ఏడాదిలో వేసే నాటకాల్లో హాస్యం ఒకటైనా ఉండి తీరుతుంది. పాత్రధారులను ఆడిషన్ పెట్టి ఎంచుకుంటారు. దానికి ఎవరైనా రావచ్చు. సిఫారసు అక్కర్లేదు, అనుభవమూ అక్కర్లేదు. బ్రాడ్వే వంటి వృత్తి నాటకరంగం ఉన్న దేశంలో ఈ పద్ధతి ఎలా పాతుకుపోయిందో తెలియాలంటే రైళ్ల కాలం దగ్గర మొదలుపెట్టాలి.

పంతొమ్మిదో శతాబ్దం చివరికి అక్కడి చిన్న పట్నాల్లో సైతం ఒపేరా హౌస్ ఉండేది. పేరే తప్ప ఒపేరా ఆడింది తక్కువ. న్యూయార్క్ వైపు నుంచి రైలు దిగిన కంపెనీలు మెలోడ్రామాలో ప్రహసనాలో ఆడి పక్క ఊరికి వెళ్లిపోయేవి. 1896లో కొందరు నాటక వ్యాపారులు థియేట్రికల్ సిండికేట్‌గా ఏర్పడి, దేశంలోని ప్రధాన నాటకశాలల బుకింగులను గుప్పిట్లో పెట్టుకున్నారు. ఏ ఊళ్లో ఏ నాటకం ఆడాలో న్యూయార్కులో తేలేది. 1910 తర్వాత ఒకపక్క ఖర్చులు పెరిగాయి, మరోపక్క సినిమా చవగ్గా దొరికింది. కంపెనీలు తగ్గిపోయాయి, ఒపేరా హౌసులు చాలా వరకు సినిమా హాళ్లయ్యాయి. సురభి సమాజాలకు సినిమా తెచ్చిన కష్టం తెలిసిన తెలుగువారికి ఈ ఘట్టాన్ని వివరించనక్కర్లేదు. అమెరికా ఊళ్లలో ఆ ఖాళీని నింపింది ఔత్సాహికులు.

ఔత్సాహికులు అంతకుముందు లేరని కాదు. బోస్టన్‌లోని జమైకా ప్లెయిన్‌లో 1877లో పుట్టిన ఫుట్‌లైట్ క్లబ్ నేటికీ నాటకాలు వేస్తోంది. ఔత్సాహిక నాటకం ఉద్యమమైంది మాత్రం 1912లో. ఆ ఏడు మారిస్ బ్రౌన్, ఎలెన్ వాన్ వోల్కెన్‌బర్గ్ దంపతులు షికాగోలో వంద కుర్చీలైనా పట్టని హాల్లో లిటిల్ థియేటర్ పెట్టారు. 1915లో మసాచుసెట్స్ తీరాన ప్రావిన్స్‌టౌన్‌లో రచయితల బృందం ఒకటి రేవు మీది పాత చేపల కొట్టాన్ని రంగస్థలం చేసుకుంది. మరుసటి ఏడాది యూజీన్ ఓనీల్ నాటకం మొదటిసారి ప్రదర్శనకు నోచుకుంది అక్కడే. షికాగోవాళ్లకు కావలసింది నవ్వు కాదు. గ్రీకు విషాదాలూ స్ట్రిండ్‌బర్గ్ నాటకాలూ. ఉత్తర డకోటాలోని ఫార్గోలో ఆల్ఫ్రెడ్ ఆర్వోల్డ్ మాత్రం మరో దారి పట్టాడు. 1914లో వ్యవసాయ కళాశాలలోని పాత చాపెల్‌ను లిటిల్ కంట్రీ థియేటర్‌గా మార్చి, రైతు కుటుంబాలు తమ పల్లెల్లో తామే నాటకాలు వేసుకునేలా ప్రోత్సహించాడు. నేటి కమ్యూనిటీ థియేటర్‌కు షికాగో కంటే ఫార్గోయే దగ్గరి చుట్టం.

ఆడిషన్ మహిమ చెప్పేటప్పుడు అక్కడివాళ్లు తప్పకుండా తలచే ఊరు నెబ్రాస్కాలోని ఒమాహా. 1924లో ఏర్పడిన ఒమాహా కమ్యూనిటీ ప్లేహౌస్ నిర్వాహకుల్లో డోడీ బ్రాండో ఒకరు. యూనివర్సిటీ చదువు మానేసి ఇంటికొచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రవాణ్ణి ఆమే పట్టుబట్టి నాటకంలోకి దించింది. 1925లో అతను వేసింది ఫిలిప్ బారీ రాసిన 'యూ అండ్ ఐ' అనే హాస్య నాటకం. సిగ్గుతో నోరు పెగలని ఆ కుర్రవాడే తర్వాత సినిమా తారైన హెన్రీ ఫోండా. అప్పటికి డోడీ చంకలో ఉన్న బిడ్డ మరో తార, మార్లన్ బ్రాండో.

ఎవరైనా రావచ్చన్న మాట అప్పట్లో నిజం కాదు. నల్లజాతివారికి తెల్లవారి సమాజాల్లో పాత్రలు దొరికేవి కావు, దొరికినా పనిమనిషి వేషమే. 1915లో క్లీవ్‌లాండ్‌లో జెలిఫ్ దంపతులు స్థాపించిన సేవాకేంద్రం నుంచి ఎదిగిన కరాము హౌస్ ఆ లోటు తీర్చడానికి పూనుకుంది. అది నేటికీ నడుస్తోంది. ఈ ఒక్క ముక్క వదిలేస్తే కమ్యూనిటీ థియేటర్ చరిత్ర సగం అబద్ధమవుతుంది.

హాస్యం పైచేయి సాధించడానికి కారణాలు కళకు సంబంధించినవి కావు. టిక్కెట్లు అమ్ముడుపోవాలి, వచ్చినవాళ్లకు సరిపడా పాత్రలుండాలి. కాఫ్మన్, హార్ట్ రాసిన 'యూ కాంట్ టేక్ ఇట్ విత్ యూ' 1937లో పులిట్జర్ బహుమతి పొందింది. అందులో తాత నుంచి మనవరాలి దాకా ఇంటిల్లిపాదికీ వేషాలున్నాయి. 1941లో బ్రాడ్వేకెక్కిన 'ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్'లో ఒంటరి ముసలివాళ్లకు విషం కలిపిన ఎల్డర్‌బెర్రీ వైన్ పోసే ఇద్దరు వృద్ధ సోదరీమణులే నాయికలు. అరవై దాటిన ఆడవాళ్లకు అంతటి పాత్రలు మరెక్కడ దొరుకుతాయి? మగవాళ్లు చాలని చోట నీల్ సైమన్ ఆదుకుంటాడు: 1965 నాటి 'ది ఆడ్ కపుల్'ను 1985లో ఆడవాళ్ల కథగా తిరగరాశాడు. ప్రదర్శనకు అనుమతి రచయితల తరఫున లైసెన్సు సంస్థలు ఇస్తాయి. ప్రదర్శనకింత అని రాయల్టీ కట్టాలి. అనుమతి లేకుండా సంభాషణ మార్చకూడదు. అప్పటికప్పుడు డైలాగు అల్లేసే అలవాటున్న మన నటుడికి ఇది గొంతుకు అడ్డం పడే షరతే.

ఇక ఆడిషన్. మామూలుగా రెండు సాయంత్రాలు పెడతారు. ముందుగా ఫారం నింపాలి: ఏ రోజుల్లో రిహార్సలుకు రాలేరు, ఏ పాత్ర ఇచ్చినా వేస్తారా, గడ్డం తీస్తారా. నటన కంటే ఈ జవాబులే ఒక్కోసారి తేల్చేస్తాయి. తర్వాత సైడ్స్ అనే రెండు మూడు పేజీలు చేతిలో పెట్టి, జతలుగా నిలబెట్టి అప్పటికప్పుడు చదివిస్తారు. దీన్ని కోల్డ్ రీడింగ్ అంటారు. దర్శకుడు గమనించేది కంఠం కన్నా చెవిని: ఎదుటివాడి మాట నిజంగా విని బదులిస్తున్నాడా, తన పాటికి తాను చదువుకుపోతున్నాడా? హాస్యంలో నవ్వించాలని తాపత్రయపడ్డవాడు ముందే ఓడిపోతాడు. పాత్రకు తన అవస్థ ప్రాణసంకటం. ప్రేక్షకుడికే అది నవ్వు. అందుకే దర్శకుడు అదే ముక్కను మరోలా చదవమంటాడు. మొదటిసారి తప్పు చదివావని దానర్థం కాదు, చెప్పింది పట్టుకోగలవా అని పరీక్ష. మళ్లీ పిలిస్తే కాల్‌బ్యాక్. అక్కడ జతలు మార్చి ఎవరి పక్కన ఎవరు నప్పుతారో చూస్తారు. మంచి నటుడు ఎత్తు కుదరక పాత్ర పోగొట్టుకోవడం మామూలే.

మచ్చలూ ఉన్నాయి. పాత్రలు ముందే పంచుకుని ఆడిషన్ తంతుగా జరిపారన్న గొణుగుడు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది; కొన్నిచోట్ల అది నిజం కూడా. 1996లో క్రిస్టఫర్ గెస్ట్ తీసిన 'వెయిటింగ్ ఫర్ గఫ్మన్' ఊరి నటుల భ్రమలను ఆటపట్టించిన సినిమా. కమ్యూనిటీ థియేటర్లవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

అమెరికాలో తెలుగువారు ఎక్కువగా తమ సంఘాల వేదికల మీదే నాటకాలు వేస్తారు, తమవాళ్ల కోసమే. యాసకు జంకి చాలామంది ఊరి థియేటర్ గడప తొక్కరు. నిజానికి హాస్య నాటకంలో యాస ఉన్న డాక్టరుకూ పక్కింటాయనకూ కొరత ఎప్పుడూ ఉంటుంది. అక్కడ మీ పిల్లలుంటే ఒకసారి వెళ్లి చదివి రమ్మనండి. పాత్ర రాకపోయినా లైట్లకో సామాన్లకో మనిషి కావాలని అడగడం ఖాయం.